పెద్దలసభలో ఒక దినము



అన్నదమ్ములు వేరుపడునపుడు పెద్దమనుష్యులను పిలిపించుట మన గ్రామములలో ఆచారము. పొలములు కొలిపించి, గొడ్డుగోదలను లెక్కపెట్టించి, గాదెలోని ధాన్యమును, ఇంటిమీది యప్పులను పంచి, పంపకపు కాగితము వ్రాయింతురు. ఆ కాగితము వ్రాయుచుండగా ఒక్కొక్కప్పుడు ఒక చిక్కు పుట్టును. తమ్ముడొకడు "నా భాగములో బావి లేదు గదా" యని అడ్డుపడును. "ఇప్పుడు కాగితము తిరుగవ్రాయింప నారంభించిన ప్రొద్దు గ్రుంకును. వ్రాలు చేయుము. బావి సంగతి మేము చూతుము. ఇందఱి యెదుట చెప్పుచున్నాము గదా" యని పెద్దలందురు. వాడు వ్రాలు చేయును. ఆ బావి త్రవ్వబడెనా లేదా యనునది తరువాత ఇరువదియేండ్ల కథ.

2014వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీ, గురువారమునాడు, ఢిల్లీలో రాజ్యసభయందు జరిగినది ఇంచుమించుగా ఇట్టిదే. ఆనాటి పనిని మీకు కొంత వివరముగా చెప్పదలచితిని. తెలంగాణ సోదరుల కోర్కె న్యాయమైనదా, కాదా యను తర్కము నేటి నా విషయము కాదు. అది తీరినది, వారు తమ యింట సుఖముగా నుందురుగాక. నా విషయ మొక సభలో పలికిన మాట యేమైనదనునది.

రాజ్యసభను మనవారు పెద్దలసభ యందురు. 1952వ సంవత్సరము మే 13వ తేదీన అది మొదటిసారి కూడినది. ఉపరాష్ట్రపతిగా నుండువారే దానికి అధ్యక్షులు. ఆ యాసనమున మొదట కూర్చున్నవారు సర్వేపల్లి రాధాకృష్ణపండితులు. 1954 ఆగస్టు 23వ తేదీనుండి దానికి రాజ్యసభ యను పేరు వచ్చినది. అందు 245 స్థానములు గలవు. పండ్రెండుగురిని రాష్ట్రపతి నియమించును. తక్కినవారిని శాసనసభ్యు లెన్నుకొందురు.

మనకు దానితో నేమి సంబంధమని మీరడుగవచ్చును. మన రోలుగుంట మండలము చోడవరము శాసనసభా నియోజకవర్గమున చేరినది. మీరును నేనును వేసిన వోట్లతో గెలిచిన సభ్యుడు తన వోటుతో రాజ్యసభకు ఒకరిని పంపును. లోకసభ సభ్యుడు మన వోటునకు కొడుకైనచో, రాజ్యసభ సభ్యుడు మనుమడు. మనుమడు తాతను మఱచిపోవుట లోకసహజమే యైనను, బంధుత్వము మాత్రము పోదు. ఉమ్మడి రాష్ట్రమునకు 18 స్థానములుండెను. విభజన పిమ్మట 11 మనకును, 7 తెలంగాణకును వచ్చినవి.

సభ్యుని కాలము ఆరేండ్లు. రెండేండ్లకొక మాఱు మూడవవంతు సభ్యులు దిగిపోదురు, వారి తావున క్రొత్తవారు వత్తురు. సభ మాత్ర మెన్నడును రద్దు కాదు. లోకసభ ఐదేండ్లకో, అంతకు ముందో ముగియును, ఇది ముగియదు. ఏటిలోని నీరు మాఱుచుండును గాని యేఱు మాఱదు. ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొనుడు; ముందు దీనితో పని యున్నది.

సాధారణ దినమున సభ పదునొకండు గంటలకు కూడును. సభ్యులలో పదవవంతైనను లేనిదే సభ సాగరాదు. మొదట మంత్రులు తమ కాగితములను బల్లపై నుంతురు. పిమ్మట సభ్యులు తమతమ ప్రాంతముల యక్కఱలను క్లుప్తముగా విన్నవింతురు. పండ్రెండు గంటలకు ప్రశ్నోత్తరములు. చుక్కగుర్తు గల ప్రశ్నకు మంత్రి నోటితో సమాధానము చెప్పవలెను, దానిపై ఉపప్రశ్నలకును నిలువవలెను. చుక్కలేని ప్రశ్నకు వ్రాతమూలకముగా సమాధానము వచ్చును. ఈ ప్రశ్నల గంట మునుపు పదునొకండింటికే యుండెడిది. అల్లరిలో ఆ గంట తఱచుగా పోవుచుండుటచే 2014 నవంబరునుండి పండ్రెండింటికి మార్చిరి. అల్లరి చేయువారికి గడియారమును మార్చుట గొప్ప యాటంకమా యని నాకు సందేహమే. అపరాహ్ణమున బిల్లులు. సభలో పలికిన ప్రతి మాటను లేఖకులు వ్రాసికొందురు. అధ్యక్షుడు తొలగింపుమన్న మాటలు తప్ప తక్కినవన్నియు అచ్చగును, నిలిచియుండును.

ఇక ఆ ఫిబ్రవరి మాట. బిల్లు ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణమునకు సంబంధించినది. హైదరాబాదులోని శాసనసభ జనవరి 30వ తేదీన దానిని మూజువాణి వోటుతో త్రోసిపుచ్చినది. రాజ్యాంగము మూడవ యధికరణమున రాష్ట్ర శాసనసభ అభిప్రాయము నడుగుట కలదు గాని, ఆ యభిప్రాయమునకు లోబడవలెనని లేదు. ఫిబ్రవరి 13వ తేదీన లోకసభలో బిల్లును ప్రవేశపెట్టినపుడు ఒక సభ్యుడు మిరియపు మందు చిమ్మగా, తోడి సభ్యులు దగ్గుచు కన్నీరు కార్చుచు వెలుపలికి పరుగిడిరి. తెలుగువారి పేరు దేశదేశముల పత్రికలలో వచ్చినది. ఆ విధముగా రాకున్న బాగుండెడిది. 18వ తేదీన, సభా ప్రసారము నిలిచిపోయియుండగా, లోకసభ బిల్లును ఆమోదించినది. 19న ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డిగారు రాజీనామా చేసిరి. 20న బిల్లు పెద్దల యెదుట చర్చకు వచ్చినది.

అప్పటి చిక్కును మీరు చక్కగా గ్రహింపవలెను. అది పదునైదవ లోకసభకు కడపటి సమావేశము. 21వ తేదీతో ముగిసినది. రాజ్యసభ బిల్లులో ఒక్క యక్షరము మార్చినను అది తిరిగి లోకసభకు పోయి అచ్చట అంగీకారము పొందవలెను. పొందకమునుపే లోకసభ రద్దయినచో, లోకసభ ఆమోదించి రాజ్యసభలో నిలిచిపోయిన బిల్లు తానును చచ్చును. కావున బిల్లును కోరువారికి సవరణ యనిన భయము. దానిని వలదనువారికి సవరణయే ఆశ. ఈ రెండింటి నడుమ మూడవ వర్గమొకటి యుండెను. వారు విభజనకు ఒప్పుకొన్నవారే, కాని మిగిలిన ఆంధ్రమునకు న్యాయము జరుగవలెనన్నవారు. ప్రతిపక్షమైన భారతీయ జనతా పార్టీ ఆ స్థానమున నుండెను. అరుణ్ జైట్లీగారు రాజ్యసభలో ప్రతిపక్ష నాయకులు. వెంకయ్యనాయుడుగారు నెల్లూరివారైనను అప్పుడు కర్ణాటకమునుండి సభ్యులు.

ఆనాడు పొద్దుటినుండియు సభ కూడుట, కేకలు పుట్టుట, వాయిదా పడుట. అధ్యక్షస్థానమున ఉపాధ్యక్షులు కురియన్ గారు. సభ్యులు కొందఱు అధ్యక్షపీఠము ముందఱికి వచ్చి నినాదములు చేయుచుండిరి. ఆ కోలాహలములోనే హోంమంత్రి షిండేగారి బిల్లు పైకి వచ్చినది. అపరాహ్ణము గడచిన పిమ్మట గాని చర్చ యనదగిన చర్చ సాగలేదు. కేంద్రమంత్రిగా నున్న చిరంజీవిగారు తమ ప్రభుత్వపు బిల్లునే తప్పుపట్టుచు మాటలాడిరి. మార్క్సిస్టు పక్షమునుండి సీతారాం ఏచూరిగారు విభజననే వ్యతిరేకించిరి. వెంకయ్యనాయుడుగారు ఆంధ్రమునకు కావలసినవానిని సవరణల రూపమున పట్టుకొని నిలిచిరి.

అప్పుడు ప్రధానమంత్రి మన్‌మోహన్ సింగ్ గారు లేచి ఒక ప్రకటన చదివిరి. వారును ఆ సభలోని సభ్యులే. ఆ ప్రకటనలో ఆఱు మాటలు గలవు. మొదటిది, పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశమునకు ఐదేండ్లపాటు ప్రత్యేక తరగతి హోదా. రెండవది, పరిశ్రమలకు పన్నుల రాయితీలు. మూడవది, రాయలసీమకును మన ఉత్తర కోస్తాకును ప్రత్యేకాభివృద్ధి నిధి. అది ఒరిస్సాలోని కోరాపుట్టి, బొలంగీరు, కలహండి ప్రాంతముల ప్రణాళికవలెను, బుందేలుఖండపు నిధివలెను ఉండును. నాలుగవది, పోలవరము నిర్వాసితుల పునరావాసమునకు ఇంకను సవరణలు కావలసిన చేయుదుము, ప్రాజెక్టును మేమే కట్టుదుము. ఐదవది, ఆస్తులు, అప్పులు, ఉద్యోగుల పంపకమునకు వ్యవధి యుండునట్లు విభజన దినమును నిర్ణయింతుము. ఆఱవది, మొదటి సంవత్సరమున ఆంధ్రమునకు కలుగు రాబడి లోటును కేంద్ర బడ్జెటునుండి పూరింతుము.

ప్రత్యేక హోదా యనగా నేమో చెప్పెద. అప్పటి పద్ధతినిబట్టి కేంద్రము రాష్ట్ర ప్రణాళికలకిచ్చు సాయములో సామాన్య రాష్ట్రమునకు నూటికి 30 రూపాయలు ఉచితము, 70 అప్పు. ప్రత్యేక తరగతి రాష్ట్రమునకు 90 ఉచితము, 10 మాత్రమే అప్పు. 1969వ సంవత్సరమున అస్సాము, నాగాలాండు, జమ్ము కాశ్మీరములతో మొదలై, 2014 నాటికి పదునొకండు రాష్ట్రము లీ తరగతిలో నుండెను. ఈ లెక్క విన్న పిమ్మట, ఐదేండ్లు చాలదు, పదియేండ్లు కావలెనని వెంకయ్యనాయుడుగారేల పట్టుపట్టిరో మీకు తెలియును.

మూడవ మాటయందు మనకొక విశేషమున్నది. కోరాపుట్టి సీమ 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. కొండ కావలి బంధువు వేరింటికి పోయిన పిమ్మట వానికి దొరకిన సాయము వంటిది మనకును ఇత్తుమని ప్రధానమంత్రి చెప్పెనన్నమాట.

చెప్పిన పిమ్మట వోటు. సవరణలలో నొక్కటియు బిల్లున చేరలేదు. అనుకూలురు ఔననుడు, ప్రతికూలురు కాదనుడు అని అధ్యక్షస్థానమునుండి యడుగుట, రెండు కేకలలో నేది పెద్దదో చెవితో నిర్ణయించుట, ఇది మూజువాణి. బడిలో పిల్లలందఱు నొక్కసారి అఱచినపుడు పాఠ మెవనికి వచ్చెనో, ఎవనికి రాలేదో నాకెన్నడును తెలియలేదు. ఆ కోలాహలములో నా విద్య వారికి పట్టువడినదేమో! ఆ రాత్రి బిల్లు నెగ్గినది. మార్చి 1వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించి, 108 విభాగములు, 13 అనుబంధములు గల శాసనమైనది. జూన్ 2వ తేదీన రెండు రాష్ట్రములైనవి.

ఆ ఆఱు మాటలలో హోదా వంటివి శాసనములో లేవు. సభా వృత్తాంతములో నున్నవి. బావి కాగితముననెక్కలేదు, పెద్దల చెవిని పడినది.

మే నెలలో ఎన్నికలు జరిగి ప్రభుత్వము మాఱినది. పోలవరము మాట మొదట నడచినది. శాసనము తొంబదవ విభాగమున ఆ ప్రాజెక్టు జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడినదని స్పష్టముగా నున్నది. ముంపు గ్రామములు గల ఖమ్మము జిల్లా మండలములను ఆంధ్రమున చేర్చుటకు క్రొత్త ప్రభుత్వము మే నెలలోనే ఆర్డినెన్సు తెచ్చి, జూలైలో చట్టము చేసినది. ఆనకట్ట పని ఇన్నేండ్లుగా సాగుచునేయున్నది. ఎడమ కాలువ నీటికై మన వైపువారు ఎదురుచూచుచునేయున్నారు. ఐనను వ్రాతలో నున్న మాటకు నడక వచ్చినదన్న సంగతి గమనింపుడు.

హోదా మాట వేఱు త్రోవ పట్టినది. పదునాలుగవ ఆర్థికసంఘపు సిఫారసుల పిమ్మట ఆ తరగతికి తావులేదని కేంద్ర ప్రభుత్వము వాదించినది. 2016 సెప్టెంబరున హోదాకు మాఱుగా ప్రత్యేక సహాయము ప్రకటించినది. ఆ ప్రకటన చేసినవారు అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీగారు. నాడు పెద్దలసభలో ఎదుటిపక్షమున కూర్చున్నవారే.

మన ఉత్తర కోస్తా, రాయలసీమ జిల్లాల నిధి సంగతి. అప్పటి యేడు జిల్లాలకు జిల్లా యొక్కంటికి ఏడాదికి 50 కోట్ల రూపాయలు నిర్ణయించి, మొదటి మూడేండ్లకు 1,050 కోట్లు విడుదల చేసిరి. నాటి విశాఖపట్టణము జిల్లాలో నలువదికి పైగా మండలములుండెను. పంచిచూచిన మండలమున కొక కోటికి అటునిటుగా వచ్చును. రోలుగుంట మండలములో ఒక మంచి మదుము, ఒక మైలు రోడ్డు, పాఠశాలకు నాలుగు గదులు కట్టినచో ఆ కోటి కనుపింపదు. వచ్చినది రాలేదనుట నా యుద్దేశము కాదు. కోరాపుట్టి పేరు చెప్పి యిచ్చినది ఇంతయేనా యని మాత్ర మడుగుచున్నాను.

పండితులు శబ్దమును పట్టుకొని వ్రేలాడుదురని యువకులు నవ్వుదురు. నవ్వనిండు. మీమాంసాశాస్త్రములో విధివాక్యమని, అర్థవాదమని రెండు విధములు గలవు. చేయుమనునది విధి. ఆ పని గొప్పదనమును పొగడుచు మనసును ప్రోత్సహించునది అర్థవాదము. అర్థవాదమెంత తీయగా నున్నను విధితో కలిసినగాని తనంతట తాను పని చేయింపజాలదు. ఈ కొలతతో మన శాసనమును చూడుడు. నలువదియాఱవ విభాగమున, ప్రత్యేకాభివృద్ధి నిధిని గూర్చి ఆలోచించునపుడు రాయలసీమ, ఉత్తర కోస్తాలకు తగిన ప్రోత్సాహము కల్పింపవలెనని యున్నది. ఆలోచించునపుడు! ఎప్పుడాలోచింపవలెనో, ఎంత యీయవలెనో లేదు. పదుమూడవ అనుబంధమున రైల్వే జోను మాట యున్నది. ఆఱు నెలలలో జోను స్థాపనను పరిశీలింపవలెనని. స్థాపింపవలెనని కాదు, పరిశీలింపవలెనని. విశాఖపట్టణము కేంద్రముగా దక్షిణ కోస్తా రైల్వే జోను ప్రకటన 2019 ఫిబ్రవరిలో వచ్చినది. ముఖ్య కార్యాలయమునకు శంకుస్థాపన 2025 జనవరిలో జరిగినది. ఒక క్రియాపదము పదియేండ్లు మ్రింగినది. వ్యాకరణము కడుపు నింపదనువారికి ఇది చూపుచుందును.

ఐనచో సభలో పలికిన మాట వట్టి గాలియేనా? నేనట్లనుకొనను. బలిచక్రవర్తి ఇచ్చిన మాటకు కట్టుబడెను, గురువు వారించినను కట్టుబడెను. కాని బలి తన మాటకు తానే కట్టుబడినాడు. బలి దిగిపోయిన పిమ్మట సింహాసన మెక్కినవాడు బలి మాటకు కట్టుబడవలెనా? మన ప్రశ్న ఇది. ఒక ప్రధానమంత్రి చెప్పెను. వేఱొక ప్రధానమంత్రి వచ్చెను. ధర్మశాస్త్రములో తండ్రి ఋణము కొడుకు తీర్చవలెననిరి. జూదమునకు, మద్యమునకు చేసిన యప్పులను మాత్రము మినహాయించిరి. ఈ ఋణము జూదములో చేసినది కాదు. ఇల్లు పంచుకొనునపుడు, ఒక భాగస్థుని చేత వ్రాలు చేయించుటకై చేసినది. అంతేకాదు, అందు ఎదుటిపక్షమువారు సాక్షులు మాత్రమే కారు, ఐదు చాలదు పది యనినవారు. అట్టి ఋణము వ్యక్తిది కాదు, ఇంటిది.

ఇప్పుడు నేను ముందు చెప్పిన సంగతికి పని వచ్చినది. మాట యిచ్చిన ప్రభుత్వము పోయినది. బిల్లును పంపిన లోకసభ పోయినది. మాటను పుచ్చుకొన్న సభ మాత్రము పోలేదు. రాజ్యసభకు రద్దు లేదు గనుక, 2014 ఫిబ్రవరి 20న విన్న చెవులే, సభ్యులు మాఱినను, నేటికిని వినుచున్నవి. మంత్రులు సభలో ఇచ్చిన హామీలను వెంటాడుటకు ఆ సభలో 1972నుండి ప్రత్యేకముగా ఒక సంఘమే యున్నది; హామీని మూడు నెలలలో తీర్చవలెనని, వీలుకానిచో గడువు కోరవలెనని దాని నియమము. బావి త్రవ్వింతుమన్న పెద్దమనుష్యుడు గతించినను, ఆ మాట విన్న రచ్చబండ అచ్చటనే యున్నట్లు.

2018 జూలై 24వ తేదీన ఈ విషయము మరల రాజ్యసభలో చర్చకు వచ్చినది. ఆనాటికి మన్‌మోహన్ సింగ్ గారు సామాన్య సభ్యులు. వారు లేచి, ఆ హామీలు సభలో తామిచ్చినవేయని, తరువాతి ప్రభుత్వము వానిని గౌరవించునని తాము నమ్మితిమని చెప్పిరి. ఆనాటికి సభాధ్యక్షులెవరో తెలియునా? 2017 ఆగస్టులో ఉపరాష్ట్రపతియైన వెంకయ్యనాయుడుగారు. పదియేండ్లు కావలెనని యడిగిన గొంతు అధ్యక్షపీఠ మెక్కినది. ఆ పీఠమున కూర్చున్నవారు పక్షము పట్టరాదు. విధి వ్రాసిన నాటకములలో ఇట్టి పాత్రల మార్పిడి నేనెక్కడను చూడలేదు.

జైట్లీగారు 2019లో గతించిరి. ఏచూరిగారును, మన్‌మోహన్ సింగ్ గారును 2024లో పోయిరి. ఆనాటి సభలో నోరు విప్పినవారొక్కరొక్కరుగా తగ్గుచున్నారు. ఆ దినపు వృత్తాంతమైనచో అచ్చులో నున్నది, కోరినవారెవరైనను చదువుకొనవచ్చును. చదువగలవారు ఊరికిద్దఱైనను చదివి, చదువులేనివారికి చెప్పవలెనని నా కోరిక. మన ప్రాంతపు సభ్యులు ఢిల్లీనుండి వచ్చినపుడు దండలతోపాటు ఆ ప్రకటనలోని మూడవ మాటను గూడ వారి చేతబెట్టి, "దీనిపై చుక్కగుర్తు ప్రశ్న యెన్నడు వేసితిరి? సమాధాన మేమి వచ్చినది?" అని యడుగుటకు మనకు హక్కు గలదు. కేకలు వేయనక్కఱలేదు. నెమ్మదిగా అడుగవచ్చును, వచ్చిన ప్రతిసారి అడుగవచ్చును.

అడిగిన లాభమేమందురా? ఆఱవ మాట సంగతి చెప్పి ముగింతును. మొదటి సంవత్సరపు రాబడి లోటు పూరింతుమనిరి గదా. లోటెంత యనుటలో రాష్ట్రమునకు, కేంద్రమునకు ఏండ్ల తరబడి తగవు నడచినది; రాష్ట్రమున రెండు ప్రభుత్వములు మాఱినవి; లేఖలు పోవుచు వచ్చుచునుండెను. తుదకు 2023 మే నెలలో ఆ లోటు క్రిందనే 10,460 కోట్ల రూపాయలకు కేంద్రము అనుమతి యిచ్చినది. మాట పలికిన తొమ్మిదేండ్ల పిమ్మట.